మంచం కింద స్టాండు

మావా, నైట్ డ్యూటీ నుంచి రాగానే పడుకోకు. పదింటికి బెంగాలీ మెకానిక్ దాదా వచ్చి ఏసీ బిగిస్తాడు. పప్పుల డబ్బాలో ఏడు వేలున్నాయి. బిగింపు కూలి పదిహేను వందలు, విడిగా కరెంటు లైనుకి రెండు వేలు, స్టెబిలైజరుకి మూడు వేలు. రాగి పైపు పది అడుగులు మిషన్‌తోనే వచ్చింది, ఆపైన అడుగుకి మూడు వందలట. అందుకే బయటి మిషన్ మేడ మీద వద్దు, వెనక గోడకే పెట్టించు. పైపు కొలిచే టేపు నువ్వే పట్టు.

పక్కింటి గిరిబాబు వాళ్లు బిగింపు ఖర్చు మరిచిపోయి, నెల్లాళ్లు ఏసీ పెట్టె మీద బట్టలు మడతపెట్టుకున్నారు. నేను ముందు ఆ ఏడు వేలూ పక్కన పెట్టాకే మిషన్ కొన్నాను. అంతా ప్రేమ్ బజార్‌లో ఇడ్లీలు అమ్మిన డబ్బే. "మనకేటికే ఏసీ, మనం ఆఫీసర్లమేటి?" అన్నావు. పగలు తడి తువ్వాలు కప్పుకుని పడుకునే మనిషికి కాకపోతే ఇంకెవరికి?

నీలవేణి

బయటి మిషన్‌ని గోడకి నిలబెట్టే ఇనప స్టాండుకి డబ్బు పెట్టలేదని వెతుక్కోకు. వద్దు వద్దంటూనే నువ్వు చేసి మంచం కింద దాచిన స్టాండు నిన్న ఊడుస్తుంటే దొరికింది. ఎవరు చేశారని దాదా అడిగితే, తల దించుకోకుండా "నేనే చేసినాను" అని చెప్పు.