డప్పు మీద పడ్డ డబ్బు

మార్చి 3
మనవరాలు వారం నుంచి తిండి మీద ధ్యాస లేకుండా డబ్బు వెనక పడింది. సంపాదించడానికి కాదు, ఆ మాట ఎక్కడ పుట్టిందో కనుక్కోడానికి. మ్యూజియంలో నాణేల గదికి కార్డు రాయాలట. రెండేళ్ళుగా టెంపరరీ. ఈ గది బాగా కుదిరితే పర్మనెంట్ చేస్తానన్నాడట డైరెక్టరు. ఫ్యాను కింద కూడా కోటు విప్పడు. నేను కోటు అనే పిలుస్తాను.

లావుపాటి పుస్తకాలు నాలుగు తిరగేసి పాపం ఏం తేల్చిందయ్యా అంటే, డబ్బు అనేది పూర్వం ఓ చిన్న రాగి నాణెం పేరు. నాణెం పోయింది, పేరు మాత్రం మొత్తం సొమ్ముకి అంటుకుంది. అంతే. మరీ చప్పగా ఉంది, జనానికి కథ కావాలి అన్నాడట కోటు.

మార్చి 4
దాని లంచ్ బాక్సు ఇవ్వడానికి వెళ్తే కోటు ఎదురుపడ్డాడు. పాతకాలం మనిషివి పెద్దాయనా, నీకేమైనా తెలుసా అన్నాడు. నోరు దురద పెట్టింది. ఒక రాజుగారి దగ్గర డప్పు కొట్టేవాడికి జీతం లేదండీ, ఎంత గట్టిగా కొడితే అన్ని నాణేలు డప్పు మీదకి విసిరేవారు, డప్పు మీద పడ్డది డబ్బయింది అన్నాను. నాది నాలుగో క్లాసు. ఆయనకి మూడు డిగ్రీలు. పెన్ను తీసి రాసుకున్నాడు! మా తాత చెప్పాడండీ అన్నాను.

మా తాత పుట్టు మూగ.

మార్చి 9
కార్డు పెట్టారు. బంగారు అక్షరాలు. కింద మనవరాలి పేరు. ఇది మా తాతయ్య వేళాకోళం సార్ అని మొత్తుకున్నా కోటు వినలేదట. జనం తోసుకుంటున్నారు. డబ్బు పేరెత్తితే చాలు, చెవులు కూడా చేతుల్లా చాస్తారు. పక్కనే అద్దాల పెట్టెలో అసలు నాణెం, గోరంత. దాని మొహం చూసినవాడు లేడు.

ఇంటికొచ్చాక కోడలు ఆ కథ నాకే చెప్పింది. మీకు తెలీదేమో మావయ్యా అని.

మార్చి 12
రిటైరైన తెలుగు మాస్టారెవరో వచ్చి, ఈ కథ ఏ పుస్తకంలో ఉందని విజిటర్స్ బుక్కులో రాసి వెళ్ళాడు. కోటు వేలు ఠక్కున మనవరాలి వైపు తిరిగింది. కింద పేరుంది కదా. మెమో. వారంలో సంజాయిషీ ఇవ్వకపోతే ఉద్యోగం ఊడుతుంది.

అది మళ్ళీ ఆ లావుపాటి పుస్తకాలే ముందేసుకుని కూర్చుంది. తిట్టినా బాగుండేది.

మార్చి 13, ఉదయం 11
వెళ్ళి ఒప్పేసుకున్నాను. కోటు లేచి తలుపేశాడు. గట్టిగా అనకు పెద్దాయనా అన్నాడు. కథ పెట్టాక జనం రెట్టింపయ్యారట. గది కట్టించిన నగల షాపాయనకి తెగ నచ్చేసిందట. అందుకని ప్రతి ఆదివారం నేనే కుర్చీలో కూర్చుని చెప్పాలి. అలాగైతే మెమో చింపేస్తాడు, దాన్ని పర్మనెంట్ చేస్తాడు. కాస్త గడ్డం పెంచితే ఇంకా బాగుంటుందన్నాడు. చదువుకున్న గాడిద.

సరేనని వచ్చాను. నాదీ ఆ జాతే.

మార్చి 14
ఎగిరి గంతేస్తుందనుకున్నాను. నువ్వా కుర్చీలో కథ చెప్తే నేనా గుమ్మం తొక్కను తాతయ్యా అంది. నిన్నటిదాకా అది నీ వేళాకోళం, రేపట్నుంచి నా జీతం అంది. పర్మనెంట్ అయ్యాక చెప్పుకోవే నీ నిజాలు అని కోడలు నెత్తి కొట్టుకుంది.

మార్చి 16, ఆదివారం
కుర్చీలో కూర్చున్నాను. గది కిక్కిరిసింది. నగల షాపాయన ముందు వరుసలో, చేతికి నాలుగు ఉంగరాలు. అయ్యా, ఈ కథ లంచ్ బాక్సు చేత్తో పట్టుకుని నేనే పుట్టించాను, నిజం మా మనవరాలు కనిపెట్టింది, అదుగో ఆ రాగి ముక్క అని చూపించాను. ఒక్కడూ అటు తిరగలేదు. ఉంగరాలాయన అడిగాడు కదా, అది సరేగానీ, ఆ డప్పువాడికి చివరికి ఎంత ముట్టింది అని.

మార్చి 17
దాని ఉద్యోగం పోయింది.

మార్చి 23, ఆదివారం
కుర్చీలో కొత్త ముసలాడు. గడ్డం ఉంది. వాళ్ళ తాత చెప్పాడట. నేనూ మనవరాలూ టిక్కెట్టు కొనుక్కుని ముందు వరుసలో కూర్చున్నాం. నాకో సందేహమండీ అని నాకంటే ముందు అదే చెయ్యెత్తింది.