కృపారాణి వ్యాన్ దిగిన రోజు

కోరుట్ల,
5-4-2011.

నా బిడ్డ కృపారాణికి,

అమ్మ ముద్దులతో రాస్తున్నది. ప్రభువు దయవల్ల నేనూ మీ బాపూ బాగున్నాం. సిరిసిల్లలో నువ్వూ, మీ చిన్నమ్మా బాగుండాలని రోజూ ప్రార్థన చేస్తున్నాను. బళ్లో పిల్లలు నీ మాట వింటున్నారా? ఫోన్‌లో బాపు పేరెత్తితే చాలు, పెట్టేస్తున్నావు. ఉత్తరమైతే చివరిదాకా చదువుతావని కాగితం పట్టుకున్నాను. నాది ఏడో తరగతి చదువు, తప్పులుంటే నవ్వుకో.

మొన్న శనివారం క్రికెట్ ఫైనల్ ఆట చూడ్డానికి, యోహాను మేస్త్రీ ఇంట్లో పెద్ద టీవీ ఉందని మీ బాపు పేరు చెప్పుకుని మన వాడ అంతా మనింటికే వచ్చింది. మనవాళ్లు గెలిచాక పటాకులు కాల్చారు. అందరూ ఎగురుతుంటే మీ బాపు మెల్లగా, "కప్పు ఇరవై ఎనిమిదేండ్లకు అచ్చింది. మనం నలభై ఏండ్ల సంది అడుగుతున్నం" అన్నాడు. బాలయ్య మామ చేతిలోని పటాకు కాల్చకుండా జేబులో పెట్టుకున్నాడు.

నేను చూసే సీరియల్‌లో కోడలు మూడు నెలలుగా ఆసుపత్రిలోనే ఉంది. పట్టుచీర మాత్రం నలగలేదు. బీడీలు చుడుతూ చూస్తాను కాబట్టి సరిపోయింది, ఉత్త చేతులతో చూస్తే పిచ్చెక్కుతుంది. పాటల పోటీలో ఒక పిల్ల తీయగా పాడుతోంది. కానీ ఆ గొంతు మన వాకిలి దాటదు. నీ పాట మైకు లేకున్నా రోడ్డు అవతలికి వినబడుతుందని మీ బాపు వచ్చినవాళ్లందరికీ చెప్తాడు.

తెలంగాణ దీక్షల టెంటు ఇంకా ఉంది. జగపతి రావు దొర కూడా వచ్చి మనవాళ్ల పక్కన చాప మీద కూర్చుంటున్నాడు. మొన్న నన్ను "కళావతమ్మా" అని పిలిచాడు. ఇన్నేండ్లలో ఆయన నోట నా పేరు వినడం అదే మొదలు. మంచిదే. తెలంగాణ వచ్చాక కూడా ఆ పేరు గుర్తుంటే ఇంకా మంచిది.

ఆదివారం మీ పాటల బృందం నడిపే జలపతి జగిత్యాల నుంచి వచ్చాడు. పదిహేడున ధర్మపురిలో సభ ఉందట, నువ్వు పాడాలట. చాయ్ తాగుతూ, పోయిన నెల నువ్వు వ్యాన్ దిగిన రోజు సంగతి చెప్పాడు. హైదరాబాద్‌లో మిలియన్ మార్చ్‌కు పోతున్న వాళ్ల వ్యాన్‌ను దారిలో ఆపి, అందరినీ పొద్దుగూకేదాకా స్టేషన్‌లో కూర్చోబెట్టారట. తర్వాత కొంచెం ఆగి, "అక్కా, కృప భయపడి దిగిందని వ్యాన్ల అందరన్నరు. ఇప్పటికి గదే అంటున్నరు" అన్నాడు.

మీ బాపు తల వంచుకుని, తప్పు నాది, పిల్ల భయపడలేదని చెప్పాడు. ఆ తర్వాత చాయ్ ముట్టలేదు.

ఆ రోజు నువ్వు, బాపుకు ఛాతీ నొప్పని నేను చేసిన ఫోన్ విని, ఎక్కిన వ్యాన్ దిగి, సిరిసిల్ల నుంచి పరుగున వచ్చావు. ఆ మనిషి టీవీ ముందు అన్నం తింటున్నాడు. గుమ్మంలోనే నిలబడి, "నొప్పేది బాపు?" అన్నావు. ఆయన చెయ్యి కడుక్కుని, "నేనే చెప్పుమన్న బిడ్డా. అమ్మనేమనకు" అన్నాడు. నువ్వు నీళ్లు కూడా ముట్టకుండా తిరిగి బస్సెక్కావు.

ధర్మపురికి వెళ్లు, తల్లీ. గొంతు విప్పి పాడు. చిన్నమ్మను అడిగానని చెప్పు.

నీ మేలు కోరే
అమ్మ కళావతి

మళ్లీ రాస్తున్నది: ఈ ఒక్క మాట కోసమే మొదలుపెట్టి, ధైర్యం చాలక టీవీ ముచ్చట్లన్నీ రాశాను. ఆ ఫోన్ మీ బాపు చేయించలేదు. ఆయనకు తెలియనే తెలియదు. ముందురోజు వార్తల్లో, ఎక్కడో ఊరేగింపులో ఒక ఆడపిల్లకు లాఠీదెబ్బ తగలడం చూపించారు. ఒకే దెబ్బను తిప్పి తిప్పి పదిసార్లు చూపెట్టారు. పదిసార్లూ ఆ పిల్ల నువ్వే అనిపించింది. తెల్లారి నీకు అబద్ధం చెప్పాను. నువ్వు గుమ్మంలో అడిగాకే ఆయనకు సంగతి తెలిసింది. ఒక్కసారి నా ముఖం చూసి తప్పంతా తన నెత్తిన వేసుకున్నాడు. నీకు నిజం చెప్పేస్తానంటే, "నా మీద కోపముంటే ఉండనియ్యి. తల్లి మాట మీద పిల్లకు నమ్మకం పోవద్దు" అన్నాడు. నెలరోజులు ఆయన చాటున దాక్కున్నాను. నిన్న జగిత్యాల పోయి, మీ బృందం అందరి ముందు జరిగింది చెప్పి వచ్చాను. ఇక నువ్వు మిగిలావు. బాపు ఆరింటికి పని నుంచి వస్తాడు. అప్పుడు ఫోన్ చెయ్యి. నేను ఎత్తను.