మా ఆయనకు డ్రోన్ నేర్పిన రోజులు

జనవరి 28

ఆయన లీవు మీద వచ్చారు. చిక్కిపోయారు. ఇల్లు నిండినట్టుంది, దేవుడికి ఎన్ని దణ్ణాలు పెట్టినా తక్కువే.

హవల్దార్ శివనాగరాజు గారు వస్తూనే చూసింది నన్ను కాదు, వరండాలో ఉన్న నా స్ప్రే డ్రోన్‌ని. మహిళా సంఘం ద్వారా నాకది వచ్చి రెండేళ్లయింది. ఊళ్లో సగం మిరపచేలకి మందు కొట్టేది నేనే. ఇన్నాళ్లూ దాన్ని గీతాంజలి గారి బొమ్మ అని వెక్కిరించిన మనిషి, ఇవాళ కాళ్లు కూడా కడుక్కోకుండా నేర్పుతావా అని అడిగారు. బాగా ఏడిపించి సరేనన్నాను.

సాయంత్రం

సంగతి తెలిసింది. వాళ్ల బెటాలియన్లో డ్రోన్ ప్లటూన్ పెడుతున్నారట. దానికంటూ కొత్త పోస్టులు ఇవ్వరట, ఉన్నవాళ్లలోంచే తీయాలట. ఆయన చేసే మోర్టార్ విభాగంలో సగం మంది తగ్గిపోతున్నారు. మార్చిలో టెస్ట్. పాసైతే డ్రోన్ ప్లటూన్‌తో బోర్డర్‌కి. ఫెయిలైతే ఎక్కడో వెనక డిపోలో స్టోర్ చూసుకుంటూ మిగిలిన రెండేళ్ల సర్వీసు. డిపో అన్నప్పుడు ఆయన మొహం మాడిపోయింది. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది.

ఫిబ్రవరి 1

టీవీలో బడ్జెట్. మా మావయ్య యలమందయ్య గారు టీవీతో పోట్లాడుతూ అన్నం తిన్నారు. మనుషుల్ని తగ్గించి మిషన్లు కొంటే సరిహద్దు మీద నిలబడేదెవడు అని ఆయన. ఆయన కొడుకేమో, అంతా జీతాలకీ పెన్షన్లకీ పోతే రేపు పైనుంచి వచ్చేవాటిని దేంతో కొడతాం నాన్నా అని. మళ్లీ మా ఆయనే, మనిషి నిలబడకుండా నేల నిలవదు, ఎంతమంది మనుషులు ఎన్ని మిషన్లు అన్నదే పెద్ద తలనొప్పి అన్నారు.

సిలార్ అరుగు మీద కూర్చుని అంతా విన్నాడు. ఒకప్పుడు మా చేలో వీపున ట్యాంకులు కట్టుకుని మందు కొట్టిన ముఠాకి అతనే పెద్ద. నా డ్రోన్ వచ్చాక అతనొక్కడే మిగిలాడు, మందు కలిపేది అతనే. మందు ఒంటి మీద పడటం తప్పింది, నీ పుణ్యమే అమ్మాయీ అంటుంటాడు. ఇవాళ ఇంకో మాట కూడా అన్నాడు, మిగతావాళ్లేమయ్యారని ఎవరూ అడగలేదని.

ఫిబ్రవరి 3

పత్తి పీకేసిన చేలో ట్రైనింగ్ మొదలు. ట్యాంకులో ఉత్త నీళ్లే. చెయ్యి బాగానే తిరుగుతోంది ఆయనకి. మధ్యాహ్నం అసలు విషయం అడిగారు. బోర్డర్లో అవతలివాళ్లు జీపీఎస్ జామ్ చేస్తారట, అందుకని టెస్ట్‌లో జీపీఎస్ ఆపేసి ఎగరేయమంటారట. అది నేర్పమన్నారు.

నా మెషీన్లో ఆ మోడ్ లేదన్నాను.

ఉంది. నాకొచ్చు.

ఫిబ్రవరి 4

అబద్ధం ఆడాక కూడా హాయిగా నిద్ర పట్టింది. సిగ్గులేదు నాకు.

ఫిబ్రవరి 9

ఇవాళ పెద్ద గండం తప్పింది.

పొద్దున ఆయనే ఎగరేస్తున్నారు. పక్క చేలో హైటెన్షన్ లైను ఉంది, అటు పోనివ్వొద్దని చెబుతూనే ఉన్నాను, పోనిచ్చారు. ఒక్కసారిగా జీపీఎస్ పోయింది. గాలి ఎటు తోస్తే అటు కొట్టుకుపోవడం మొదలెట్టింది డ్రోన్. ఆయన రిమోట్ స్టిక్కులు వదిలేసి, జీపీఎస్ ఉన్నప్పటిలా అది తనంతట ఆగుతుందని చూస్తున్నారు. అది సిలార్ మీదికి పోతోంది. అతను నీళ్ల క్యాను ఎత్తుకుని వస్తున్నాడు, వంచిన తల ఎత్తలేదు.

రిమోట్ లాక్కున్నాను. గాలికి ఎదురు పట్టి నిలబెట్టి, మెల్లగా వెనక్కి లాగి దింపాను. సిలార్ తలపాగా ఎగిరిపోయింది, అంతే. అల్లా దయ అన్నాడతను. నేను ఇటు వైపు దేవుళ్లందరికీ దణ్ణం పెట్టుకున్నాను.

మా ఆయన గట్టు మీద కూలబడ్డారు. ఎప్పటి నుంచి వచ్చు నీకు ఇది అని అడిగారు. మొదటి నుంచీ వచ్చన్నాను. ఎందుకు దాచావని అడగలేదు, ఆ మాత్రం తెలియని మనిషి కాదు. తిడతారనుకున్నాను. తిట్టి ఉంటే నేనూ నాలుగు అనేదాన్ని. ఆయన అన్నది ఒక్కటే:

"నేను ఫెయిలైతే ఆ రిమోట్ ఇంకొకడి చేతికి పోద్ది గీతా. వాడికి నేర్పడానికి ఇంటి దగ్గర నువ్వుండవుగా."

ఫిబ్రవరి 10

ఆ ఇంకొకడి పెళ్లాం ఎవరో, ఏ ఊరో.

ఫిబ్రవరి 16

నేర్పుతున్నాను. దాచుకోకుండా అంతా. గాలి ఉన్న రోజే కావాలని తీసుకెళ్తున్నాను. జీపీఎస్ ఆపేసి, డ్రోన్‌ని కళ్లతో పట్టుకోమంటున్నాను. తప్పు చేస్తే అరుస్తున్నాను, ఆర్మీలో కూడా ఇన్ని తిట్లు తినలేదంటున్నారు. నిన్న గాలిలో డ్రోన్ ఉన్నచోటే ఉంది, కదలకుండా. సిలార్ చప్పట్లు కొట్టాడు. నేనెంత పొంగిపోయానో, అంతగా గుండె జారిపోయింది.

పెళ్లయి ఇన్నేళ్లలో మేమిద్దరం ఇన్ని రోజులు పక్కపక్కన నిలబడి ఒకే వైపు చూసింది ఇదే మొదటిసారి. ఈ లీవు ఇచ్చినవాళ్లు ఎవరో గానీ వాళ్ల కడుపు చల్లగా ఉండాలి.

ఫిబ్రవరి 22

గుంటూరు స్టేషన్లో రైలెక్కించి వచ్చాను. కారప్పొడి, గోంగూర పచ్చడి ప్లటూన్ మొత్తానికి సరిపడా కట్టాను.

మార్చి 12

పాసయ్యారు. ఫోన్ పెట్టేసి ఏడ్చాను.

ఆయన వెళ్లిన రోజునే మొక్కుకున్నాను, మంగళగిరి కొండెక్కి స్వామికి పానకం పోయిస్తానని. పాసైతేనా, ఫెయిలైతేనా అన్నది మాత్రం స్వామికి చెప్పలేదు.

రేపు వెళ్తున్నాను. పోసిన పానకంలో సగం తాను పుచ్చుకుని సగం మనకి తిరిగిచ్చే స్వామి ఆయన. చాలు.