అమ్మా, కోడిపుంజూ

నాష్‌విల్

వెర్లీన్ అక్కకు,

అమ్మను పాతిపెట్టి వచ్చాక నీకు రాయలేదు. కోపగించుకోకు. ఈ పాటల ఊళ్లో నా బతుకు కోడిపుంజు పాలైంది. చీపురు పట్టుకుని పుంజును తరిమే ఆడమనిషి మీద నేను రాసిన ఆ వెర్రిపాట రేడియోలో మోగినప్పటి నుంచీ నన్ను పేరుపెట్టి పిలిచేవాళ్లే లేరు. కాఫీ తాగడానికి వెళ్లినా "ఏదీ, ఒక్క కూత కుయ్యవయ్యా!" అంటారు. కూస్తాను. సిగ్గు ఎప్పుడో చచ్చింది.

ఆ మధ్య అమ్మ మీద పాట రాశాను. కిటికీలో దీపం పెట్టి, కన్నీళ్లతో కొడుకు కోసం ఎదురుచూసే తల్లి. రాస్తూ నేనే ఏడ్చాను. మా పాటల కంపెనీ యజమాని క్రచర్ అంతా విని, "బాగుందయ్యా. ఇంతకీ కోడేదీ?" అన్నాడు. ఒక్కటి పీకాలనిపించింది. కానీ ఒప్పందం తీరేదాకా నేను రాసే ప్రతి ముక్కా అతనిదే.

చివరికి డేల్ విట్లో అనే పెద్ద గాయకుడు "దీన్ని నా కోసం అట్టేపెట్టండి" అన్నాడు. ఇక్కడ అలా అంటే, అతను తేల్చేదాకా ఇంకెవరికీ ఇవ్వకూడదు. తను పాడడు, మరొకర్ని పాడనివ్వడు. క్రచరేమో ఇంకో కోడిపాట కావాలని పీక్కుతింటున్నాడు. ఊపిరాడటం లేదక్కా. పాటలు మానేసి మన ఊరి బొగ్గుగనిలో పనికి వచ్చేస్తాను. అమ్మ పాట దీంతో పంపుతున్నాను. నువ్వైనా పాడుకో.

నీ తమ్ముడు
ఆల్టన్


ఒరేయ్ ఆల్టన్,

నీ పాట చదివితే ఒళ్లు మండింది. ఈ ఏడుపుగొట్టు ముసలమ్మ ఎవర్రా? మన అమ్మ ఏనాడు కిటికీ దగ్గర కూర్చుంది? నాన్న బూట్లేసుకుని, చీపురెత్తి, పుంజును పాస్టరుగారి పెరడు దాకా తిట్టుకుంటూ తరిమిన మనిషి! ఆవిడే కదరా నీ వెర్రిపాట!

అమ్మను పాతిపెట్టిన రోజు నువ్వు బస్సెక్కాక, చర్చి వంటింట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. హోబర్ట్ బాబాయి మెల్లగా నీ పాట ఎత్తుకున్నాడు. అందరం అందుకున్నాం. పాస్టరుగారు కూడా కూశారు. నవ్వీ నవ్వీ ఏడ్చాం, ఆ తర్వాతే తిన్నాం. నువ్వు చిన్నబుచ్చుకుంటావని చెప్పలేదు.

గనికి వస్తానంటే రా, మంచం వేసి ఉంచుతాను. కానీ జనాన్ని ఏడిపించాలనే నీకుంటే, క్రచర్ అడిగిన కోడితోనే ఇది రాయి. నువ్వు ఊరు విడిచిన ఏడాది అమ్మ ఆ పుంజును పట్టేసింది. కోసి, వండి, ముందు పెట్టుకుంది. ముక్క నోటిదాకా తెచ్చి, పళ్లెం తోసేసింది. "వాడూ లేడు, ఇదీ లేదు. ఇంక ఎవర్ని తిట్టుకోనే?" అంది.

మీ అక్క
వెర్లీన్