పుదీనా వేసిన గ్లాసు

బెల్లంపల్లి, డిసెంబర్ 31, 1961

మేనేజరు గారు, ఆయన భార్య వెళ్ళి చాలాసేపయింది. ఇప్పుడు కూర్చుని ఇది రాస్తున్నాను.

కొత్త సంవత్సరం విందు మన క్వార్టర్‌లోనే అని ఈయన గనిలో మాటిచ్చి వచ్చారు. ఉడికిన గుడ్లకు సగం టమాటాలు టోపీల్లా పెట్టి, వెన్న చుక్కలద్ది పుట్టగొడుగుల్లా చేశాను. చూసి అందరూ నవ్వారు. దానిమ్మరసంలో నిమ్మకాయ పిండి, మేనేజరు తెచ్చిన రమ్ము కలిపాను. ఈయన దసరా నుంచి మందు ముట్టలేదు. అందుకే ఈయన గ్లాసులో ఉత్త రసమే పోసి, గుర్తుగా పుదీనా ఆకు వేశాను.

గారెలు తీసుకొచ్చేసరికి మేనేజరు భార్య గ్లాసులు పంచేస్తోంది. అన్నింట్లోనూ పుదీనా!

"మస్తు సక్కగున్నదమ్మా, అందుకే అన్నిట్ల ఏసిన" అంది.

ఏది ఉత్త రసమో ఇక నాకే తెలియలేదు. ఈయన గ్లాసు పెదవుల దాకా ఎత్తి, వాసన తగిలి ఆగారు. నా వంక చూసి, బల్ల మీద పెట్టేశారు.

"నేను తాగ సార్. ఒక్కసారి మొదలువెడితే ఆగుడు నాతోని కాదు."

"పండుగ పూట గట్లంటవేందయ్యా?" అన్నారు మేనేజరు, మొహం మాడ్చుకుని. రేపు గనిలో ఏమంటారో...

వాళ్ళు వెళ్ళాక ఈయనే గ్లాసులన్నీ పోగు చేశారు. తన గ్లాసు నిండుగా అలాగే ఉంది.

"నువ్వు వోయి పండుకో. నేను కడుగుత" అన్నారు.

నేను కదల్లేదు. ఎందుకు నిలబడ్డానో ఈయనకు తెలుసు. ఆ గ్లాసు నా కళ్ళ ముందే తూములో పారబోశారు. అప్పుడు మాత్రం నా వంక చూడలేదు.