రొట్టెకు వేపమండ

శాలిబండ, గురువారం.

అక్కా, నా రొట్టెకు వేపమండ కట్టిన అన్యాయం మా ఇంటి యజమానురాలు ఆగమ్మది! నేను క్షేమమే. ఇటలీ కూలీలు తినే రొట్టె గురించి కరపత్రంలో చదివి, పిండి పులియబెట్టి, వేళ్లతో గుంటలు నొక్కి, నూనె పోసి, మా గల్లీలో నాన్ రొట్టెలు కాల్చే ఖదీర్ భాయ్ భట్టీలో కాల్పించాను. ఆ గుంటలు చూసి ఆగమ్మ, "రొట్టెకు అమ్మవారు పోసింది బిడ్డా, ముట్టకు!" అని పసుపునీళ్లు చల్లింది. "ఇది మూఢనమ్మకం!" అని నేను అరుస్తుండగానే గల్లీ అంతా ప్రసాదమని పంచేసింది. నాకు మిగిలింది వేపమండే. పైగా ఇప్పుడు అందరూ, "మస్తుగుండె. అమ్మ మళ్ల ఎప్పుడు పోస్తది?" అని అడుగుతున్నారు.

బాపు దగ్గు తగ్గిందా? పిల్లలకు నా ఆశీస్సులు. ఆ రొట్టె మళ్లీ చేస్తున్నాను, ఈసారి మనమే తినాలి. ఆదివారం పొద్దున సరిగ్గా పది గంటలకు నువ్వూ బావా నువ్వుల నూనెతో మా ఇంట్లో ఉండాలి. ఆగమ్మ గుడికి పోయేది ఆ ఒక్క గంటే!

తమ్ముడు రాజలింగం