ఆఖరి సంచికలో ఆ ముఖం

ఒరేయ్ తమ్ముడూ,

నువ్వు ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి రాస్తున్నాను. వేళకి తింటున్నావా?

రెండు కంపెనీల హీరోలూ కలిసి పోరాడిన మీ కామిక్స్ కథ ఆఖరి సంచిక వచ్చిన రోజు, నా పుస్తకాల కొట్టు షట్టర్ ఎత్తకముందే జనం క్యూ కట్టారు. మధ్యాహ్నానికల్లా వాళ్లలో సగం మంది తిరిగొచ్చి పుస్తకాలు బల్ల మీద పడేశారు. "పెద్ద హీరో చచ్చేది ఇలాగేనా? మంచం మీద, నోరు తెరుచుకునా?" అని ఒకాయన నా మీద విరుచుకుపడ్డాడు. ఇంకొకాయనకి డబ్బులు వాపసు వద్దట, హీరో వాపసు కావాలట. హీరో ముసుగు వేసుకుని వచ్చిన కాలేజీ పిల్ల ముసుగు తీయకుండానే ఏడ్చింది. గీసింది నా తమ్ముడేనని చెప్పడానికి భయమేసింది.

జనం పలచబడ్డాక ఆ పేజీ తెరిచాను. కనుబొమ్మ మీద మచ్చ, దుప్పటి అంచు గట్టిగా పట్టుకున్న వేళ్లు. నాన్న రా అది.

ఆసుపత్రిలో నాన్న దగ్గర నువ్వొక్కడివే ఉన్నావు. వరదకి దారులు మూసుకుపోయి, నేను చేరేసరికి అంత్యక్రియలు కూడా అయిపోయాయి. "నిద్రలోనే పోయాడక్కా, బాధ పడలేదు" అన్నావు. నమ్మాను. ఇంత అవస్థ కళ్లారా చూసి, ఇన్నేళ్లూ కడుపులోనే దాచుకున్నావా?

సంచికలన్నీ కలిపి వేసే బైండు పుస్తకం కోసం ఆ ముఖాన్ని చిరునవ్వుతో మళ్లీ గీయమని కంపెనీ వాళ్లు అంటున్నారని మీ ఆవిడ చెప్పింది. గీయకు. జనం తిడితే తిట్టనీ. నాన్న కడసారి చూపు నాకు దక్కింది ఆ పేజీలోనే.

అక్క